రిమార్కుల గడి

కాశీనగర్ బడిలో మూడో తరగతి గోడని
నిన్న స్కేలుతో కొలిచాను.
బ్లాకాఫీసు కాగితం అడిగింది మరి:
ఎన్ని పటాలు, ఎంత పొడుగు, ఎవరి అనుమతి,
ఏ తేదీ నుంచి.

సరస్వతి. పద్దెనిమిది అంగుళాలు, చెక్క ఫ్రేము,
వీణ దగ్గర చెద పట్టింది.
శ్రీపంచమికి పెట్టి తియ్యడం మరిచారు,
ఏ శ్రీపంచమో దండాసికీ గుర్తు లేదు.
అట్టముక్క నక్షత్రం. అడుగు. వెండికాగితం సగం ఊడింది.
ఎలియా మండల్ వాళ్ళ నాన్న డిసెంబర్లో తెచ్చి,
వేరే మేకు లేక
సరస్వతి మేకుకే తగిలించిపోయాడు.
ఏడు నెలలు ఒక్క మేకు మీద
రెండూ దెబ్బలాడుకోలేదు.
దెబ్బలాట టీకొట్టు దగ్గర మొదలైంది,
ఈ బడికి పిల్లల్ని పంపనివాళ్ళ మధ్య.

ఒకాయన వచ్చి నక్షత్రం తియ్యమన్నాడు.
ఇంకొకాయన, తీస్తే రెండూ తియ్యమన్నాడు.
మూడో ఆయన చల్లగా నవ్వి
అన్నీ పెట్టండి టీచరమ్మా, అందరివీ పెట్టండి,
ఫ్రేములు నేనిస్తాను
అడుగున నా పేరుంటే చాలన్నాడు.

అన్నీ పెట్టడం బాగుంటుందనిపించింది, ఒక పూట.
ఆసంతి రైకాని పిలిచాను.
కొండ దిగి వచ్చే సవర పిల్ల, లెక్కల్లో దిట్ట.
మీ ఇంట్లో ఎర్రమట్టి గోడ మీద వరిపిండితో వేస్తారే,
ఇడితాల్, ఆ బొమ్మ ఇక్కడ వేస్తావా?

తప్పు లెక్క చేసినవాళ్ళని నేను చూసే చూపు
నా మీదే చూసింది.
"అది బొమ్మ కాదు టీచర్, ఇల్లు.
వేస్తే మా ముత్తాత వచ్చి కూకుంటాడు.
ఆదివారం బడికి తాళం గదా,
అన్నం ఎవులు పెడతారు?"
కాసేపాగి, వేళ్ళు మడిచి,
"ఎండాకాలం సెలవులైతే నలభై ఐదు రోజులు."

పౌరశాస్త్రం పాఠం పదకొండేళ్ళు చెప్పాను.
ఈ తాళం సంగతి నాకెప్పుడూ తట్టలేదు.

సాయంత్రం దండాసి చెప్పులు విప్పి స్టూలెక్కాడు.
సరస్వతిని దించి కళ్ళకద్దుకున్నాడు.
ఆ ఊపులోనే నక్షత్రాన్నీ అద్దుకున్నాడు,
వెండిపొడి కనుబొమకి అంటింది.
"మేకు ఉంచీమంటారా?"
ఉండనీ అన్నాను.
గోడ మీద తెల్లటి చదరం బయటపడింది.
మా గోడ ఒకప్పుడు అంత తెల్లగా ఉండేదని
ఎవరికి తెలుసు?
పటం వెనక కాపురమున్న బల్లి
ఎటు పోవాలో తోచక
చాలాసేపు దాని మధ్యే ఉండిపోయింది.

సరస్వతిని వంటమనిషి గున్నమ్మ ఇంటికి తీసుకెళ్ళింది,
చెదకి కిరసనాయిలు రాస్తానంది.
నక్షత్రం ఎలియా సంచిలో, ఎక్కాల పుస్తకం పక్కన
ఒక మూల బయటికి పొడుచుకుని వెళ్ళింది.

పటాలు: సున్నా.
అనుమతి: వర్తించదు.
నా బ్యాగు లోపలి జిప్పులో
వంశధార అవతల, ముఖలింగంలో పెట్టిన
కుంకం పొట్లం ఒకటుంది.
ఇన్‌స్పెక్షన్ రోజు దాన్ని తడుముకుంటాను.
గోడల గురించే అడిగారు గనక
రాయలేదు.
రాయకపోవడం అబద్ధమా కాదా అని
రాత్రి పక్కమీద చాలాసేపు అనుకున్నాను.

ఇవాళ పొద్దున్నుంచీ వాన.
ఆసంతి తడిసిన గొడుగు పట్టుకొచ్చి
ఆ మేకు కోసం ఎగిరింది, అందలేదు,
మళ్ళీ ఎగిరింది.
ఎలియా ఏమీ అనకుండా బెంచీ జరిపాడు.
ఇప్పుడు గొడుగులోంచి నీళ్ళు
తెల్ల చదరం మీంచి సన్నగా కారుతున్నాయి,
మూడో తరగతి మొత్తం
నల్లబల్ల వదిలేసి ఆ ధారనే చూస్తోంది.

రిమార్కుల గడి ఒక్కటే ఖాళీగా ఉంది.
ఒడియాలో మొదలెట్టి, కొట్టేసి,
మళ్ళీ మొదలెట్టి,
చివరికి రాశాను:
గోడకి చెమ్మ పడుతోంది.
సున్నం మంజూరు చేయగలరు.